చేవెళ్ల దాకా ముసుగులో

1944 నవంబరు 16, గురువారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు ఈ ప్రయాణం మొదలైంది. సమయాన్ని ఇంత కచ్చితంగా చెప్పగలుగుతున్నానంటే, పురానాపూల్ దగ్గర డ్రైవరు తన జేబు గడియారం తీసి చూసి, ఇరవై నిమిషాలు ఆలస్యమైందని బొగ్గును తిట్టడం నేను తెర వెనుక నుంచి విన్నాను. యుద్ధం వల్ల పెట్రోలు దొరకక ఆ బస్సును బొగ్గు పొగతో నడుపుతున్నారు. నగరానికి చేవెళ్ల పాతిక మైళ్ల పైచిలుకు దూరం. ఆ దూరానికి మాకు రెండు రోజులు పట్టింది.

ఆ వైపు వెళ్లని పాఠకుల కోసం ఇది రాస్తున్నాను కనుక, వెళ్లినది ఎవరో ముందుగా చెప్పాలి. మాది భువనగిరి వైపు ఒక పల్లె. మేము దూదేకుల వాళ్లం. ముసల్మానులమే అయినా మా ఇంటి భాష తెలుగు. మా అమ్మగానీ మా అవ్వగానీ ఏనాడూ బురఖా ధరించలేదు. దూది ఏకే ఇంట్లో ఆడవాళ్లు గింజ ఏరాలి, పరుపు కుట్టాలి, మూట నెత్తిన పెట్టుకొని సంతకు పోవాలి. మా వంశంలో బడి మెట్లు ఎక్కినదాన్ని నేనే, బి.ఏ. ప్యాసైనదాన్నీ నేనే. పదమూడో ఏట నగరంలోని హాస్టలులో చేరబోయినప్పుడు అక్కడ అజమాయిషీ చూసే పెద్దమ్మ, "పర్దా లేని పిల్లను మా పిల్లల మధ్య ఎట్లా ఉంచుకోను?" అన్నది. వారం తిరగకుండా బాపు నల్ల బురఖా కుట్టించి తెచ్చాడు. తొమ్మిదేళ్లు దానిలోనే తిరిగాను. పొడవు చాలనప్పుడల్లా అంచు విప్పి గుడ్డ అతికించుకున్నాను.

పరీక్ష ఫలితం వచ్చిన నాటి నుంచి నా మనసులో ఒక ప్రశ్న ఉన్నది. దీన్ని ఇక మీద వేసుకోవాలా, మానాలా? ఎవరితోనూ అనలేదు. నా సహాధ్యాయిని ఒకామె తన నమ్మకం కొద్దీ ముసుగు వేసుకుంటుంది. ఆమెకు అది నమాజులో భాగం వంటిది. ఆమె పక్కన నడిచినప్పుడల్లా నాకు సిగ్గుగా ఉండేది. నేను దేవుడికి భయపడి వేసుకున్నదాన్ని కాను, మనుషులకు భయపడి వేసుకున్నదాన్ని.

చేవెళ్లలో ఒక జాగీర్దారు గారి వితంతువు దేవిడీ అనే తన పెద్ద భవంతి లోపలి వాకిట్లో ఆడపిల్లల బడి నడిపిస్తున్నారనీ, అక్కడ ఉపాధ్యాయిని కావాలనీ తెలిసింది. హాస్టలు పెద్దమ్మ సిఫారసు ఉత్తరం రాసింది. 'పర్దా పాటించే గౌరవనీయ కుటుంబపు అమ్మాయి, తండ్రి పత్తి వ్యాపారి' అని అందులో ఉంది. బాపు పత్తితో చేసే పనిని వ్యాపారమనడం పూర్తి అబద్ధం కాదని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. 

పురానాపూల్

తోడుగా బాపు వచ్చాడు. తలపాగా, మోకాళ్ల దాకా ధోవతి, భుజాన ఆరడుగుల దూదేకే విల్లు, దాన్ని మీటే కొయ్య గుండు.

"విల్లు ఎందుకు బాపూ?" అని ముందురోజు అడిగాను.

"చలికాలం గద బిడ్డా. అది పత్తి ఊరు. నువ్వు బేగంతోటి మాట్లాడుతుంటె నేను గోడకు ఒరిగి ఏం జెయ్యాలె? నాలుగు రజాయిలు ఏకితె బస్సు కిరాయి ఎల్తది."

బస్సులో ముందు భాగాన ఆడవాళ్లకు తెర కట్టి ఉంది. నేను లోపలికి ఎక్కి కూర్చున్నాను. బయట క్లీనరు, నడివయసు మనిషి, గొంతు చించుకున్నాడు.

"ఏయ్ పింజారీ! బేగం సాబ్ పెట్టె ఇంక కిందనే ఉన్నది. నీ విల్లు తర్వాత, ముందుగాల ఆమె సామాను జూడు!"

"అట్లనే సాబ్."

"నువ్వు ఆమె నౌకరువా?"

విల్లు కింద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత బాపు గొంతు వినిపించింది. "ఔ సాబ్. అమ్మగారి మనిషిని."

తెర పక్కకు జరిపి ఒక్క మాట అంటే సరిపోయేది. తెర అంచు పట్టుకొని అట్లాగే కూర్చున్నాను. బస్సు కదిలింది.

గండిపేట

నా పక్క సీటులో రాజమ్మ అనే ఆమె కూర్చుంది. మొయినాబాదులో కిరాణా దుకాణం నడిపే కోమటింటి ఇల్లాలు. ఒళ్లో గాజుల మూట, కాళ్ల మధ్య నూనె డబ్బా. నేను తెలుగులో జవాబు చెప్పేసరికి ఆమె ఆశ్చర్యానికి హద్దు లేదు.

"బేగం సాబులు తెలుగు గింత మంచిగ మాట్లాడుతరా! మా తాలూకా కచేరి సాబు ఇంటామె 'పానీ' అనుడు తప్ప ఇంకేం అనదమ్మా. మీరు యాడ నేర్చిండ్రు?"

"చదువుకున్నాను," అన్నాను.

గండిపేట ఎత్తు దగ్గర బస్సు ఆగిపోయింది. బొగ్గు పొగకు ఎత్తు ఎక్కే బలం లేదు. మగవాళ్లందరూ దిగి నెట్టాలి. "నేను గూడ దిగుత, నూనె డబ్బ బరువు కాకున్నా నా బరువన్న తగ్గుతది," అని రాజమ్మ నవ్వుతూ దిగింది. నేను దిగలేదు. బురఖాలో ఉన్నవారు బస్సు నెట్టరు. వెనుక తెర సందులోంచి చూస్తే బాపు తలపాగా కనిపించింది. రెండు చేతులూ బస్సుకు ఆనించి, తల వంచి, నేను కూర్చున్న బస్సును నెడుతున్నాడు.

కట్ట పైన అరగంట ఆగాము. నగరంలో తొమ్మిదేళ్లు కుళాయి తిప్పి తాగిన నీళ్లు ఇక్కడివేనట. అంత నీరు ఒక్కచోట ఉండటం నేను మొదటిసారి చూశాను. ముసుగుకున్న నల్లని జాలీ గుండా చూసినందువల్ల చెరువంతా మబ్బు పట్టినట్టు ఉండింది. సీతాఫలాలు అణాకు ఆరు అమ్ముతున్నారు. మా వైపు అణాకు పది వస్తాయి. బాపు మూడు కొని తెర కిందుగా అందించాడు. ముసుగు లోపల తినదగిన పండు కాదది. గింజలు ఉమ్మడానికి దారి లేక రెండు గింజలు మింగాను. గుజ్జు ముసుగుకు అంటుకొని, చేవెళ్ల దాకా ఈగలు నాతో ప్రయాణం చేశాయి.

మొయినాబాదు

మొయినాబాదు చేరేసరికి బస్సు వెనుక ఉన్న బొగ్గు పొయ్యి పగిలింది. రేపు వేరే బస్సు వస్తే వస్తుంది, లేకుంటే లేదన్నారు. రాజమ్మ నన్ను వదలలేదు. "మీ అసొంటోళ్లను బజార్ల నిలబెట్టి నేను ఇంట్ల ఎట్ల తింట?" అని వెంట తీసుకుపోయింది.

ముందు దుకాణం, వెనుక ఇల్లు. నన్ను లోపలి గదిలో శెనగల బస్తాల పక్కన చాప వేసి కూర్చోబెట్టింది. విస్తరిలో జొన్న రొట్టె, పుంటికూర పప్పు, మిరపకాయ తొక్కు పెట్టింది. మా ఊరి కోమటి ఇంట్లో మాకు దోసిట్లో ఎత్తి నీళ్లు పోసేవారు. ఇక్కడ ఇంటి లోపల నాకు విస్తరి వేశారు. బాపుకు అదే రొట్టె పెరట్లో గేదెల కొట్టం దగ్గర దొరికింది. ఎవరూ లేనప్పుడు ముసుగు కొంచెం ఎత్తి, తలుపు సందులోంచి చూస్తూ తిన్నాను. రుచి బాగుంది. ఎక్కువ తినలేకపోయాను.

మధ్యాహ్నం రాజమ్మ పాత పరుపు ఒకటి బయట వేయించింది. బాపు విల్లు కట్టి ఏకడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచి నా చెవుల్లో ఉన్నదే. పరాయి ఇంట్లో, గోడ వెనుక కూర్చొని వింటే అది నన్ను పేరు పెట్టి పిలుస్తున్నట్టు తోచింది.

రాజమ్మ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అమ్మా, మీ నౌకరు నమ్మకస్తుడేనా? వీళ్లు దూది అంగీల దాసుకపోతరంటరు. మీకు ఎరుకైతదని అడుగుతున్న."

 ఆమె చెడ్డ మనిషి కాదు. ఉన్న మాట చెబితే ఏమవుతుంది? ఏమవుతుందో నాకు బాగా తెలుసు. రేపు చేవెళ్లకు సరుకు తెచ్చుకోను ఎవరో ఒకరు పోతారు. నాకంటే ముందు నా సంగతి అక్కడికి చేరుతుంది.

"మంచివాడే," అన్నాను.

పని ముగిశాక రాజమ్మ నవ్వుతూనే బాపుతో అన్నది, "ఏమనుకోకు గని, అంగీ దులుపు. రుమాలు గూడ ఇప్పు."

బాపు తలపాగా విప్పాడు, అంగీ విప్పి దులిపాడు. దూది నలుసులు ఎండలో ఎగిరాయి. ఆయన జుట్టంతా తెల్లగా ఉంది.

"దొరికిండు సూడు! నెత్తి మీద అర్ధశేరు దాసుకున్నడు!" అన్నది రాజమ్మ. దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. బాపు కూడా నవ్వాడు. నవ్వుతూ నేను ఉన్న తలుపు వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు.

చేవెళ్ల బాట

శుక్రవారం ఉదయం బస్సు రాలేదు. జొన్నల బస్తాలు దించి ఖాళీగా తిరిగి పోతున్న ఎడ్లబండి ఒకటి దొరికింది. రూపాయి పావలా కిరాయి. బండి తోలే దావీదు, ఆయన భార్య సంతోషమ్మ చేవెళ్ల పక్క పల్లెకు చెందిన క్రైస్తవులు. బండి చుట్టూ నాకోసం దుప్పటి కట్టారు. సంతోషమ్మ నాతో పాటు లోపల కూర్చుంది. దుప్పటి సందులోంచి నల్లరేగడి చేలు, పత్తి తీస్తున్న ఆడవాళ్ల వంగిన నడుములు కనిపించాయి.

"అమ్మా, అడుగుతె కోపానికి రాకుండ్రి. దాంట్ల ఊపిరాడుతదా?"

"అలవాటైంది."

"మా అత్త మొదటిసారి రవిక తొడుక్కున్ననాడు గిట్లనే అన్నదట, ఊపిరాడుత లేదు అని." ఆమె పకపక నవ్వింది. "మా వాడల అప్పటిదాక ఎవ్వలు రవిక తొడగలె. మతంల కలిసినంక మిషను దొరసాని కుట్టిచ్చిందట. తొడుక్కొని బజారుకు పోతె పటేలు మనుషులు ఆపి, నీకెందుకే రవిక, ఎవలనుకుంటున్నవే అని అడిగిండ్రట. ఇంటికొచ్చి రాత్రంత ఏడ్చింది. పొద్దుగాల మల్ల తొడుక్కొనే పోయింది."

"భయం వేయలేదా?"

"భయం గాకుంటె ఎట్లుంటదమ్మా? భయపడుకుంటనే తొడుక్కున్నది. ఇప్పుడు తియ్యమంటె నిన్ను నన్ను కొడ్తది."

 ఆమె అత్త వేసుకోవడానికి భయపడింది, నేను తీయడానికి భయపడుతున్నాను. రెండు బట్టలూ ఒకటి కావు. వాటిని చూసి అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: ఎవరనుకుంటున్నావు?

సగం దారిలో ఎడ్లకు నీళ్లు పెట్టడానికి దావీదు, సంతోషమ్మ ఒక మోటబావి దగ్గరికి దిగారు. బాపు బండి వెనుక నడిచి వస్తున్నవాడు దగ్గరికి వచ్చాడు. ఎవరూ వినకుండా ఉన్నప్పుడే ఆయన నన్ను బిడ్డా అని పిలిచేవాడు.

"బాపూ, నిన్న నేను నోరు తెరవలేదు."

"తెరిస్తె ఏమైతుండె? పరుపు మెత్తగైతుండెనా?"

"నేను దీన్ని తీసేద్దామని అనుకుంటున్నాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. చుట్టూ చూశాడు. ఆ చూపులో ఉన్న భయం నా భయం కంటే పాతది.

"ఎందుకు బిడ్డా? నిన్ను ఎవలన్న ఏమన్న అన్నరా?"

"నిన్ను అంటున్నారు గదా."

"నన్ను అంటె అననీ. నాకు పుట్టినకాంచి అలవాటే. నన్ను ఏయ్ అంటరు, అరే అంటరు, మీ అమ్మను ఒసే అంటరు. గిది ఏసుకున్నప్పటికాంచి నిన్ను ఒక్కడన్న గట్ల పిలిసిండా? ఆ ఏడు మీ అమ్మ పండుగకు చీర వద్దన్నది. ఆ పైసలతోటి కొన్న. బట్ట కొనలె బిడ్డా, నీకు ఆ పిలుపు లేకుంట కొన్న."

ఎడ్లు తిరిగి వస్తున్న చప్పుడైంది. బాపు వెంటనే బండికి నాలుగు అడుగుల దూరం జరిగి, తల వంచుకొని నిలబడ్డాడు.

చేవెళ్ల

చేవెళ్ల పెద్ద అంగడి ఊరు. పత్తి బోరాల, అంటే గోనె మూటల, బండ్లు బీజాపూర్ బాట వెంట బారులు తీరి ఉన్నాయి. కిరసనాయిలుకు రేషను చీటీ ఉన్నా దొరకడం లేదని ప్రతి దుకాణం ముందూ అదే మాట. దేవిడీ ఊరి నడుమ ఉంది. బయటి వాకిలి మగవాళ్లది, లోపలి వాకిలి ఆడవాళ్లది, మధ్యన ఒక బరువైన తలుపు.

ఆ ఇంటి యజమానురాలిని అందరూ పెద్ద బేగం అంటారు. ఆమె ఉర్దూలో మాట్లాడారు. ఆమె మాటలను తెలుగులో రాస్తున్నాను. లోపల అందరూ ఆడవాళ్లే కనుక నేను బురఖా విప్పి కొక్కేనికి తగిలించాను. ఆమె ఉత్తరం చదివి, తృప్తిపడి, చాయ్ ఇప్పించారు.

"శుక్రవారం సెలవైనా నీ కోసం పిల్లలను పిలిపించాను. ఒక పాఠం చెప్పి చూపించు. నీ నౌకరు దూది ఏకుతాడట కదా, చలికి మా రజాయిలు కూడా ఏకించుకుంటాను."

ఇరవై మంది దాకా పిల్లలు. ఎక్కువమంది తెర కట్టిన బండ్లలో వచ్చేవారు, కొందరు వర్తకుల పిల్లలు. నేను పటం గీసి నదుల పేర్లు చెప్పసాగాను. అంతలో బయటి వాకిట్లో విల్లు మోగింది. పిల్లలు కిలకిల నవ్వారు. ఒక చిన్నది ఆ చప్పుడుకు తగ్గట్టు పలక మీద వేలితో మీటింది. నేను కృష్ణానది మీద ఉన్న వేలు కదపకుండా పాఠం సాగించాను. 

గంట గడిచింది. విల్లు ఆగింది. ఆ వెంటనే తలుపు అవతల ఆ ఇంటి లెక్కలు రాసే మున్షీ అరుపు.

"తూకం తక్కువున్నది! పింజారోడు దాసిండు. తలుపులు బిగించుండ్రి. పోలీసు పటేలును పిలువుండ్రి!"

పోలీసు పటేలు వస్తే ముందు కొడతారు, తర్వాత అడుగుతారు. మా ఊళ్లో మా పెదనాయనకు అట్లాగే జరిగింది. అప్పటి నుంచి ఆయన కుడిచేతితో విల్లు పట్టలేదు.

పెద్ద బేగం నా వైపు చూశారు. "నీ మనిషే కదా. నీ మొహం చూసి వదిలేయమంటాను. ఇటువంటి వాడిని మళ్లీ వెంట తీసుకురాకు."

దారి ఆమే చూపించారు. నేను తల ఊపితే చాలు. బాపుకు దెబ్బలు తప్పుతాయి, నాకు ఉద్యోగం దక్కుతుంది, బాపు దొంగగా ఆ ఊరు దాటుతాడు. నేను లేచి నిలబడ్డాను. కొక్కెం నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. బురఖా వేసుకొని వెళ్లవచ్చు. వేసుకొని వెళితే నా మాట ఒక బేగం తన నౌకరు కోసం చెప్పే మాట అవుతుంది.  చీర కొంగు తల మీదుగా లాక్కున్నాను, మా అమ్మ సంతకు పోయేటప్పుడు లాక్కున్నట్టు. తలుపు తెరిచి బయటి వాకిట్లోకి నడిచాను.

"పర్దా! పర్దా!" అని ఎవరో కేక వేశారు. నేను ఊహించనిది జరిగింది. కావలివాళ్లు ఇద్దరూ గిరుక్కున తిరిగి గోడకు ముఖం పెట్టారు. మున్షీ తన లెక్కల పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పెద్దింటి ఆడమనిషి ముఖం చూడకూడదన్నది అక్కడి మర్యాద. వారితో పాటు బాపు కూడా వెనక్కి తిరిగాడు. దూది అంటిన తల గోడకు ఆనించి, నాకు వీపు చూపించి నిలబడ్డాడు.

"బాపూ," అన్నాను. ఆయన కదలలేదు.

నేను మున్షీతో మాట్లాడాను, అంటే ఆయన పుస్తకం అట్టతో మాట్లాడాను. "పాత రజాయి దూదిలో దుమ్ము, గింజ నలుసులు, పొట్టు ఉంటాయి. ఏకితే అవి కింద రాలుతాయి. వాటిని కూడా తక్కెడలో వేసి తూచండి."

ఎవరూ ఇటు తిరగరు కనుక ఎవరూ వేయలేదు. నేనే కింద కూర్చొని ఆ చెత్తను రెండు చేతులతో కూడదీసి తక్కెడలో పోశాను. చిన్నప్పుడు ఇంట్లో రోజూ చేసిన పనే, చేతులు మరిచిపోలేదు. ముల్లు మెల్లగా జరిగి దాదాపు నిలువుగా నిలిచింది. ఎగిరిపోయిన దుమ్ము మేరకు వెంట్రుకవాసి తేడా మిగిలింది. మున్షీ పుస్తకం పైనుంచి ఒక కన్నుతో ముల్లును మాత్రం చూశాడు.

"గిది మీకెట్ల ఎరుక, బీబీ?"

"ఆయన మా నాన్న. నేను దూదేకుల ఇంట్లో పుట్టాను. బాపూ, ఇటు తిరుగు."

బాపు తిరిగాడు. సంతోషిస్తాడని నేను ఎక్కడో ఆశపడి ఉంటాను. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"లోపలికి పో," అన్నాడు మెల్లగా. "తొమ్మిదేండ్లది ఒక్క నిమిషంల నేలపాలు జేస్తివి. పో."

పోలీసు పటేలు రాలేదు. సాయంత్రం పెద్ద బేగం నన్ను ఒంటరిగా పిలిచారు. కోపపడతారనుకున్నాను. ఆమె అలసిపోయినట్టు మాట్లాడారు.

"నాకు ముందే చెప్పి ఉంటే దాచేదాన్ని. ఇప్పటికీ దాచగలను. మున్షీ నా ఉప్పు తిన్నవాడు. రేపు బురఖా వేసుకొని బడికి రా. నీ తండ్రి మాత్రం ఇక ఈ ఊరికి రాకూడదు."

"బురఖా లేకుండా వస్తే?"

"సగం మంది తల్లులు పిల్లలను మాన్పిస్తారు. ఆ పిల్లల చదువు నా గడప దగ్గరే ముగుస్తుంది. పాఠం బాగా చెప్పావు. అందుకే ఈ మాట చెబుతున్నాను."

ఈ ప్రయాణంలో నన్ను అన్నింటికంటే ఎక్కువ భయపెట్టిన మాట అదే. నా ఒక్కదాని ముఖం సంగతి అనుకున్నది ఇరవై మంది పిల్లల సంగతి అయింది. ఆమె చెప్పినది అబద్ధం కాదు. 

శనివారం తెల్లవారాక ఆమెకు నా నిర్ణయం చెప్పాను. బాపు రాకూడని ఊళ్లో నేను ఉండలేనన్నాను. మాట తడబడింది, రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.  ఆమె బస్సులో తినడానికని రొట్టెలు కట్టించి ఇచ్చారు.

తిరుగు ప్రయాణం

బురఖాను మడతపెట్టి పెట్టెలో అడుగున ఉంచాను. దేవిడీ నుంచి బస్సు ఆగే చోటికి రెండు వందల అడుగులు ఉంటుందేమో. గాలి ముఖానికి తగిలితే హాయిగా ఉంటుందని విన్నాను. నాకు మాత్రం చర్మం ఒలిచినట్టు ఉండింది. ఎండకు కళ్లు మూసుకుపోయాయి. ఎవరు చూస్తున్నారో, ఎవరు చూడటం లేదో ఒక్కసారే తెలిసిపోతుంటే తల ఎటు తిప్పాలో తెలియలేదు. బాపు విల్లు భుజాన వేసుకొని పది అడుగులు ముందు నడుస్తున్నాడు, నాతో సంబంధం లేనివాడిలా.

"ఏయ్ పిల్లా! జరుగు, బోరాలు మీద పడతయి!" అని వెనుక నుంచి ఒక బండివాడు అరిచాడు.

నేను జరిగాను. బాపు ఆగి వెనక్కి చూశాడు. ఆ పిలుపు నాకు తగిలింది. ఆయనకు నాకంటే లోతుగా తగిలిందని ముఖం చూస్తే తెలిసింది. విల్లు సర్దుకొని మళ్లీ నడిచాడు.

బస్సు మొయినాబాదులో ఆగినప్పుడు రాజమ్మ దుకాణం మెట్ల మీదే కూర్చొని ఉంది. బాపును గుర్తుపట్టింది. "ఏమోయ్, మీ బేగం సాబ్ ఏది?" అని అడిగింది. నేను కిటికీలోంచి నమస్కారం చేసి, "నేనే రాజమ్మగారూ. మొన్న మీరు అడిగిన మనిషి మా నాన్న," అన్నాను. గొంతును బట్టి పోల్చుకున్నది. నా ముఖాన్ని, బాపు ముఖాన్ని మార్చి మార్చి చూసింది. ముక్కు ఒక్కటే పోలిక.

"ఓయమ్మో! గింతదానివా నువ్వు!" అని నోటి మీద చెయ్యి వేసుకున్నది. "నిన్ను లోపల కూసోబెట్టి పెట్టిన గద నేను! ఇల్లంత అలుకుకోవాలె ఇప్పుడు."

రెండు రోజుల కిందట నన్ను 'మీరు' అన్న మనిషి. బాపును గేదెల దగ్గర కూర్చోబెట్టినందుకు నొచ్చుకుంటుందని నేను అనుకున్నాను. ఆమె నొచ్చుకున్నది నన్ను లోపలికి రానిచ్చినందుకు. బస్సు కదిలే లోపల లేచి వచ్చి, ఎందుకో తెలియదు, కాగితంలో కట్టిన పుట్నాలు బాపు చేతిలో పెట్టి పోయింది. బాపు సగం నాకు పంచి ఇచ్చాడు. 

ఇది జరిగి ఏడు నెలలైంది. ఆ శనివారం తర్వాత నేను బురఖా వేసుకోలేదు. తల మీద కొంగు ఉంచుకుంటున్నాను, నమాజు మానలేదు. చేవెళ్ల ఉద్యోగం మరొక ఆమెకు దక్కింది. హాస్టలు పెద్దమ్మ నాకు మళ్లీ సిఫారసు ఇవ్వనన్నది. మరొక తాలూకాలో తక్కువ జీతానికి చిన్న బడిలో చేరాను. ముగ్గురు పిల్లల తల్లులు నా కారణంగా వారిని మాన్పించారు. ఇద్దరిని ఇంటింటికీ తిరిగి వెనక్కి తెచ్చుకున్నాను, ఒకతె రాలేదు. వీధిలోకి అడుగు పెట్టే ముందు ఇప్పటికీ కొంగు రెండుసార్లు సర్దుకుంటాను. బాపు రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు. బజారులో ఇంకా నాకు ముందుగా, దూరంగా నడుస్తాడు. నేను అందరూ వినేటట్టు "బాపూ" అని పిలుస్తాను. ఆయన ఆగుతాడు.